చలిలో కారు కడగాలా, వద్దా: కోనసీమ వాదాలకు ఒక సమీక్ష

పొగమంచు దిగిన పొద్దున కారు మీద చన్నీళ్ళు పోయడం బండికి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు కోనసీమలో నాలుగు రకాల జవాబులు వినిపిస్తాయి. రాత్రంతా మంచుకు తడిసిన బండికి మళ్ళీ నీళ్ళెందుకు, గుడ్డతో తుడిస్తే చాలు కదా అని కొందరంటారు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో తరచు కడగకపోతే అడుగు రేకు నిలవదని ఇంకొందరంటారు. ఇప్పటి కార్లకు జింకు పూత ఉంటుందనీ, ఈ బెంగంతా అంబాసిడర్ల కాలం నాటిదనీ కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడే తీరంలో కారుకు మంచినీళ్ళు పోయడమే తప్పని నాలుగో పక్షం. డెట్రాయిట్‌లోనో టొరంటోలోనో స్థిరపడి సంక్రాంతికి ఊరొచ్చినవాళ్ళు అక్కడి గడ్డకట్టే చలిలో నేర్చిన పద్ధతులు ఇక్కడ చెప్పడంతో ముడి ఇంకాస్త బిగిసింది. ఈ వాదాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. అందరూ చలి గురించి మాట్లాడుతున్నారు గాని, తేల్చవలసింది ఉప్పు సంగతి. చలి రేకును తినదు. ఒట్టి తడి కూడా అంత త్వరగా తినదు. ఉప్పు కలిసిన తడి గంటల తరబడి ఆరకుండా ఉంటేనే రేకు పోతుంది. కోనసీమ చలికాలం సరిగ్గా అలాంటి తడిని తయారుచేసే కాలం. కాబట్టి ఇక్కడ చలికాలంలో కారు కడగాలి. ఏ నీళ్ళతో, ఎక్కడ, ఎందుకోసం అన్నవే అసలు ప్రశ్నలు.

వాదం వెనక కథ

కోనసీమకు కారు ఆలస్యంగా వచ్చింది. గోదావరి పాయల మధ్య చిక్కిన ఈ లంకల సీమలో ఒకప్పుడు బండి ఒడ్డు దాటాలంటే పంటు ఎక్కాలి. కోటిపల్లి, సఖినేటిపల్లి రేవుల్లో ఆ అలవాటు చాలాకాలం సాగింది. చించినాడ దగ్గర వసిష్ఠ మీద, యెదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెనలు పడ్డాక, కత్తిపూడి నుంచి ఒంగోలుకు వెళ్ళే 216వ జాతీయ రహదారి అమలాపురం మీదుగా నడిచాక, తీరపు ఊళ్ళకు కార్ల రాకపోకలు ఒక్కసారిగా పెరిగాయి. అంతకుముందు కారంటే డాక్టరుగారిదో, కొబ్బరి షావుకారుదో, టాక్సీ స్టాండులోని అంబాసిడరో. దాన్ని కడిగే డ్రైవరుండేవాడు, కడగడానికి పక్కనే కాలవ రేవుండేది. మందపు రేకుకు తుప్పు పడితే వెల్డింగు పెట్టి అతుకు వేయించుకునేవారు. ఇప్పుడు కారు మధ్యతరగతి ఇంటి ముందుకొచ్చింది. కడిగేది సొంతదారే, లేదా బయటి వాటర్ సర్వీసింగ్ సెంటరు. రేకు పలచబడింది, అతుకు వేసే ఖర్చు పెరిగింది. పైగా ఆ కారు సంక్రాంతి సెలవుల్లో ఓడలరేవు ఇసుక మీదికి, ఎస్.యానాం బీచికి, మాఘంలో అంతర్వేది కల్యాణానికి వెళుతుంది. సముద్రాన్ని దూరం నుంచి చూసి వచ్చేసే బండ్లకూ, తడి ఇసుకలో చక్రాలు దింపే బండ్లకూ ఉన్న తేడాను ఈ చర్చలో ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు.

గడ్డకట్టే చలి ఉన్న చోట

తెలుగునేల మీద నీరు గడ్డకట్టే చలి అంటే ఎవరికైనా లంబసింగే గుర్తొస్తుంది. అక్కడా అది కొద్ది రాత్రుల ముచ్చట. ఈ ప్రశ్నను దశాబ్దాలుగా తేల్చుకుంటున్నది ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా దేశాలవాళ్ళు. మంచు పేరుకున్న రోడ్డు మీద ఉప్పు చల్లితే మంచు కరుగుతుంది, ఎందుకంటే ఉప్పునీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. చిక్కటి ఉప్పునీరైతే మైనస్ 21 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 1938లో రోడ్ల మీద ఉప్పు వాడకం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ దేశం రోడ్ల మీద ఏటా చల్లే ఉప్పు సుమారు 2 కోట్ల టన్నులు. డెట్రాయిట్ నగరం కింద పెద్ద ఉప్పు గనే ఉంది. ఆ ఉప్పు రోడ్డు మీద ఆగక చక్రాలు చిమ్మిన బురదతో కారు అడుగుకు, మడ్‌గార్డుల లోపలికి, బ్రేకు గొట్టాలకు పట్టుకుంటుంది.

అక్కడి వాదంలో రెండు పక్షాలున్నాయి. గడ్డకట్టే చలిలో కడిగితే తలుపు రబ్బర్ల సందుల్లో, తాళం రంధ్రాల్లో, పెట్రోలు మూత చుట్టూ నీరు మంచుగడ్డై కూర్చుంటుంది, తలుపు బలంగా లాగితే రబ్బరు చిరుగుతుంది, కాబట్టి ఎండాకాలం దాకా ఆగమంటుంది మొదటి పక్షం. ఆ ఇబ్బందులన్నీ తుడుచుకుంటే పోయేవేననీ, ఉప్పు మాత్రం రేకు మీద ఉన్నంతసేపూ పని చేస్తూనే ఉంటుందనీ, సున్నాకు పైన నాలుగైదు డిగ్రీలున్న మధ్యాహ్నం చూసి కడిగి, రబ్బర్లకు సిలికాన్ రాయమనీ అంటుంది రెండోది. ఈ తగవులో బరువైన సాక్ష్యం రెండో పక్షానికే దొరికింది. పాత పికప్ ట్రక్కుల బ్రేకు గొట్టాలు తుప్పుతో చిల్లులు పడుతున్న వ్యవహారాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించిన అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ, 2015 ఏప్రిల్‌లో దాన్ని ముగిస్తూ, ఉప్పు చల్లే రాష్ట్రాలవాళ్ళు చలికాలమంతా కారు అడుగు భాగాన్ని కడుగుతూ ఉండాలని ప్రజలను హెచ్చరించింది. తళతళల కోసం ఇచ్చిన సలహా కాదది. బ్రేకు పడక మనుషులు పోతారన్న భయంతో ఇచ్చినది. అందుకే కారు కడగడాన్ని షోకుల లెక్కలో వేసే మాటను నేను ఒప్పుకోలేను.

ఇదే అనుభవంలో మనకు పనికొచ్చే ఇంకో ముక్క ఉంది. ఉప్పు బురద పట్టిన కారును వెచ్చని గ్యారేజీలో పెడితే ఆరుబయట చలిలో ఉంచినదానికన్నా త్వరగా తుప్పు పడుతుందని అక్కడి మెకానిక్కులు హెచ్చరిస్తారు. బయట గడ్డకట్టి నిద్రపోతున్న ఉప్పు లోపలి వెచ్చదనానికి కరిగి పనిలో పడుతుంది. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుందని స్థూలంగా ఒక లెక్క ఉంది. వాతావరణపు తుప్పును వర్గీకరించే ఐఎస్‌ఓ 9223 ప్రమాణం కూడా లోహం ‘తడిగా ఉన్న గంటలు’ లెక్కించేటప్పుడు గాలిలో తేమ 80 శాతం దాటి, ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్న గంటలనే తీసుకుంటుంది. అంటే గడ్డకట్టిన గంటలు లెక్కలోకే రావు. ఆ కొలతతో కోనసీమను చూద్దాం.

వాన లేని తడి

మన చలికాలం గడ్డకట్టదు. పుష్యమాసపు రాత్రి ఎంత వణికించినా అమలాపురంలో వేడి పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. గాలిలో తేమ తెల్లవారుజామున 80 శాతం దాటడం మామూలే. అంటే మంచు దేశంలో తుప్పు నిద్రపోయే రాత్రులన్నీ ఇక్కడ అది మేలుకునే ఉంటుంది. దీనికి ఉప్పు తోడవుతుంది. కెరటం విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలు గాలిలో ఆరి ఉప్పు రేణువులై ఊళ్ళ మీదికి వస్తాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం చేరేసరికి తనంతట తానే చెమరుస్తుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడు 33 శాతం తేమకే నీరు పట్టేస్తుంది. కాబట్టి సముద్రపు ఉప్పు పట్టిన రేకు, ఎండ వచ్చి చేతికి పొడిగా తగిలినా, సందుల్లో పూర్తిగా ఆరదు.

మంచుకు తడిసిన బండికి నీళ్ళెందుకు అన్న మొదటి పక్షానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. మబ్బులేని చలికాలపు రాత్రి కారు పైకప్పు తన వేడిని ఆకాశంలోకి వదులుకుని చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని ఆవిరి దాని మీద బిందువులై దిగుతుంది. ఆ మంచు ఉప్పును కరిగించడానికి సరిపోతుంది గాని కడిగి నేలకు దించడానికి చాలదు. వానకూ మంచుకూ తేడా అదే. ఆషాఢం నుంచి కార్తీకం దాకా కోనసీమలో వానలే బండ్లను కడుగుతాయి. ఈశాన్య రుతుపవనం వెనుదిరిగాక, మార్గశిరం చివర నుంచి వేసవి జల్లుల దాకా, ఆ కడుగుడు ఆగిపోతుంది. ఉప్పు మాత్రం గాలితో వస్తూనే ఉంటుంది. రోజూ మంచు దాన్ని తడుపుతుంది, ఎండ ఆరబెడుతుంది, మళ్ళీ మంచు తడుపుతుంది. తీరప్రాంతపు లోహాల మీద పరిశోధనలు చెప్పేదీ ఇదే. వాన తగిలే ముఖం కన్నా వాన తగలని చాటు ముఖమే చాలాసార్లు ముందు పాడవుతుంది. కారుకు ఆ చాటు ముఖం ఎప్పుడూ అడుగే. కొబ్బరాకుల పాకలో పెట్టిన బండికి పైకప్పు మీద మంచు తగ్గుతుంది, అది నిజంగా మేలే. అడుగున పట్టిన ఉప్పుకు మాత్రం పాక ఏమీ చేయలేదు.

దూరం లెక్క కూడా ఇందులోకి తేవాలి. గాలిలో ఉప్పు పాలు ఒడ్డు నుంచి లోపలికి వచ్చేకొద్దీ నిటారుగా పడిపోతుంది. మొదటి కొన్ని వందల మీటర్లలో ఉన్నంత ఉప్పు కొన్ని కిలోమీటర్ల లోపలికి వచ్చేసరికి ఉండదు. అందుచేత అంతర్వేదిలో, ఓడలరేవులో ఉండే కారుకూ కొత్తపేటలో ఉండే కారుకూ ఒకే సలహా ఇవ్వడం తప్పు. కోనసీమలో ఈ వాదం తెగకపోవడానికి ఒక కారణం ఇదే అనుకుంటాను. కొత్తపేట, రావులపాలెం వైపువాళ్ళు తమ అనుభవంతో ‘ఏమీ కాదు’ అంటారు. సఖినేటిపల్లి, అల్లవరం వైపువాళ్ళు తమ అనుభవంతో ‘అంతా పోతుంది’ అంటారు. ఎవరి చోట వారి మాట నిజమే.

జింకు పూత భరోసా

కొత్త కార్లకు ఏమీ కాదనే పక్షాన్ని తేలిగ్గా తీసేయకూడదు. వాళ్ళ చేతిలో నిజముంది. 1970ల్లో పోర్షే, 1980ల్లో ఆడి కారు గూడు మొత్తానికి జింకు పూత రేకు వాడడం మొదలుపెట్టాయి. 1970ల చివరి నుంచి, రేకును రంగు తొట్టిలో ముంచి విద్యుత్తుతో అడుగు పూత పట్టించే కొత్త పద్ధతి పరిశ్రమ అంతటా వ్యాపించింది. తలుపుల మీద రెండేళ్ళకే బుడగలు లేచే రోజులు పోయాయి. అయితే జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, ఉప్పు ఎక్కువైతే త్వరగా కరుగుతుంది. అంటే అది గడువు పెంచుతుంది గాని అభయం ఇవ్వదు. పైగా రేకులన్నిటికీ ఒకే మందాన పూత ఉండదు. బ్రేకు గొట్టాలు, బోల్టులు, సైలెన్సరు బిగింపులు, సస్పెన్షన్ అతుకులు, రాయి తగిలి రంగు లేచిన చోట్లు పూతకు బయటివే. అమెరికా సంస్థ హెచ్చరిక వాటి గురించే. మన దగ్గర ఇంకో సంగతి కలుస్తుంది. తీరపు ఊళ్ళలో తిరిగే బండ్లలో సెకండ్ హ్యాండ్ కార్లు, ఆటోలు, ట్రక్కు ఆటోలు ఎక్కువ. పూత భరోసా కొత్త కారు కొన్నవాళ్ళకు దొరికినంతగా, ఆ బండి మీదే పొట్టపోసుకునేవాళ్ళకు దొరకదు.

ఏ నీళ్ళు?

కడగాలన్న పక్షం ఎక్కువగా పొరపడేది ఇక్కడే. రాజోలు, మలికిపురం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన. తాగునీటికి వేరే దారి లేనప్పుడు కూడా లీటరుకు 2,000 మిల్లీగ్రాములకు మించి లవణాలు ఉండకూడదని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. సరిగ్గా ఆ హద్దులో ఉన్న నీళ్ళు పదిహేను లీటర్ల బకెట్ తీసుకుంటే అందులో 30 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. అందులో చాలాభాగం నేలకు జారినా, సందుల్లో నిలిచిన నీరు ఆరి అక్కడే పొరకడుతుంది. ఉప్పు వదిలించడానికి ఉప్పునీళ్ళు పోసినట్టవుతుంది. ఒకటే ఊరట, సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది కాబట్టి, బీచిలో తిరిగొచ్చిన బండికి బోరు నీళ్ళు కూడా మొదటి కడుగుకు మేలే చేస్తాయి. చివరి బకెట్ మాత్రం మంచినీళ్ళదై ఉండాలి, తరవాత గుడ్డతో తుడవాలి, తలుపులు తీసిపెట్టి ఎండలో ఆరనివ్వాలి. సాయంత్రం కడిగి మంచులో వదిలేయడం కన్నా కడగకపోవడం నయమనే మాట వినిపిస్తుంది. ఉప్పు నిజంగా వదిలితే సాయంత్రపు కడుగు కూడా పనికొస్తుంది గాని, ఆరబెట్టే ఎండ ఉన్న పూట కడగడం దానికన్నా మేలన్నంతవరకు ఒప్పుకోవచ్చు.

నీటి వృథా గురించి మాట్లాడే నాలుగో పక్షానికి కూడా జవాబు బకెట్ల లెక్కలోనే ఉంది. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి మంచినీళ్ళతో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. దుబాయిలో దానికి తిరగేసి, మురికి కారును బహిరంగ స్థలంలో వదిలేస్తే 500 దిర్హాముల జరిమానా. రెండూ పైకి కనిపించే కారు గురించే. పైభాగం తళతళలాడడం కోసం గొట్టం వదిలి పావుగంట నీళ్ళు పోయడం కోనసీమలోనూ తప్పే. అడుగు భాగానికి, చక్రాల గూళ్ళకు, తలుపుల కింది అంచులకు రెండు మూడు బకెట్లు చాలు. పైభాగాన్ని తడిగుడ్డతో అద్దితే సరిపోతుంది. మనవాళ్ళు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. బానెట్టు, అద్దాలు మెరిసేదాకా రుద్దుతారు, అడుగు మర్చిపోతారు. కొబ్బరి పీచుతో రంగు మీద రుద్దే అలవాటు ఇంకా మిగిలే ఉంది. ఇసుక రేణువు పీచులో చిక్కితే ప్రతి రుద్దూ ఒక గీత అవుతుంది, ప్రతి గీతా ఉప్పుకు దారి అవుతుంది.

కాలవ రేవు

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక మధ్య డెల్టాకు కాలవలు వచ్చాయి. లొల్ల లాకుల దగ్గర చీలిన నీరు అమలాపురం వైపు, గన్నవరం వైపు నడిచి, వైనతేయ మీది అక్విడెక్టు దాటి రాజోలు దీవికి చేరుతుంది. చలికాలంలో ఈ కాలవలు దాళ్వా కోసం నిండుగా పారతాయి, కడగడానికి అంతకన్నా తియ్యని నీరు ఎక్కడా దొరకదు. పశువులను కడిగిన రేవులో బండి కడిగితే ఏం పోయిందని అడిగేవాళ్ళ మాటకు బలం అక్కడి నుంచే వస్తుంది. ఒకప్పుడు బండెడ్లను, నాటుబండ్లను అక్కడే కడిగారన్నదీ నిజమే. ఆ బండ్లకు కారే ఇంజను ఆయిలు లేదు, గ్రీజు కరిగించే డీజిలు తుడుపు లేదు, సర్ఫు నురగ లేదు. ట్రాక్టరును, ఆటోను, కారును రేవులో దింపి కడిగినప్పుడు ఇవన్నీ నీటిలో దిగుతాయి. ఆ నీటితోనే కిందివైపు ఊళ్ళు, కాలవలు కట్టేసే వేసవికి ముందు, తమ మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాయి. నీటి వనరులోకి తెలిసి కాలుష్యం వదలడం 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షను ప్రకారం నిషిద్ధం. చట్టం లేకపోయినా ఇది నాకు ఈ మొత్తం చర్చలో రాజీపడలేని అంశం. నా రేకు నిలవడం కోసం కింది ఊరివాళ్ళ కుండలో నూనె కలిపే హక్కు నాకు లేదు. రెండు బకెట్లు తోడుకుని గట్టు దిగి, నీరు ఇంకే నేల మీద, కాలవకు వాలు లేని చోట కడగడానికి పెద్ద శ్రమ కూడా పట్టదు. ఆయిలు కారుతున్న ఇంజను కడిగించాలంటే మాత్రం అదీ చాలదు, మురుగు పట్టే తొట్టి ఉన్న సెంటరుకే వెళ్ళాలి.

కడిగే చెయ్యి

చేత్తో కడగడమా, వాటర్ సర్వీసింగా అన్న తగవు ఇంతవరకూ చూసినవాటికన్నా చిన్నది. కారును ర్యాంపు ఎక్కించి అడుగుకు ఒత్తిడి నీళ్ళు కొట్టే వీలు సెంటరుకే ఉంది. కాబట్టి ఉప్పు పట్టిన బండికి చలికాలంలో ఒకటి రెండుసార్లు అక్కడికి వెళ్ళడం ఇంటి కడుగుకన్నా మేలు. సెంటరు బోరు నీళ్ళు ఉప్పనైతే ఆ మేలు సగం పోతుంది, అడిగి తెలుసుకోవాలి. ఇంటి దగ్గర చెయ్యి చేసే పని, రేకు ఎక్కడ ఉబ్బిందో, రంగు ఎక్కడ లేచిందో వేళ్ళతో కనిపెట్టడం. ఏ యంత్రమూ అది చెప్పదు.

ఈ చర్చల్లో కడిగే మనిషి ఎక్కడా కనిపించడు. కోనసీమ నుంచి కువైట్, దుబాయి, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో డ్రైవర్లుగా ఉన్నవాళ్ళకు తెల్లవారకముందే కార్లు కడగడం రోజువారీ పని. కువైట్‌లో జనవరి రాత్రులు మన పుష్యం కన్నా బాగా చల్లగా ఉంటాయి. ఇక్కడి సర్వీసింగ్ సెంటర్లలోనూ పొద్దుటి నుంచి చీకటి పడేదాకా చన్నీటిలో, డిటర్జెంటులో చేతులు నానేది పేదింటి కుర్రాళ్ళవే. డిటర్జెంటు చర్మపు సహజమైన జిడ్డును తీసేస్తుంది, చలి చర్మాన్ని పగలదీస్తుంది, పగిలిన చోట పుండు పడుతుంది. రబ్బరు తొడుగులు, గమ్ బూట్లు, గోరువెచ్చని నీళ్ళు అడగకుండానే ఇవ్వవలసినవి. కారుకు ఏది మంచిదో ఇంత లోతుగా వాదించేవాళ్ళం ఆ చేతుల గురించి ఒక్క వాక్యమైనా మాట్లాడకపోవడం సిగ్గుపడవలసిన సంగతి.

తేలినవి, తేలనివి

తీరపు మండలాల్లో చలికాలపు కడుగు అవసరమన్నంతవరకు సాక్ష్యం గట్టిది. ఎన్ని రోజులకొకసారి అన్నది మాత్రం ఊరిని బట్టి, గాలిని బట్టి, బండి తిరిగే దారిని బట్టి మారుతుంది. బీచికి వెళ్ళిన బండికి అదే రోజు, ఒడ్డు దగ్గర ఊళ్ళ బండ్లకు వారం పది రోజులకు, కొత్తపేట వైపు బండ్లకు నెలకోసారి అన్నది నేను చెప్పగలిగిన ఉజ్జాయింపు. దానిపై వాదించే హక్కు ప్రతి మెకానిక్కుకూ ఉంది. అడుగు భాగానికి పూసే నల్లటి అండర్ కోటింగ్ మీద మెకానిక్కుల్లోనే ఏకాభిప్రాయం లేదు. శుభ్రమైన కొత్త రేకు మీద అది కవచం. ఉప్పు పట్టిన పాత రేకు మీద పూస్తే తేమను లోపలే బంధించి తుప్పును దాచిపెడుతుంది. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశం మొత్తానికి తుప్పు పటం తయారు చేసింది. అలాంటి కొలతే మండలాల స్థాయిలో, అంతర్వేది నుంచి రావులపాలెం దాకా వరసగా ఇనుప పలకలు వేలాడదీసి ఏడాదిపాటు తూచితే, ‘ఏమీ కాదు’, ‘అంతా పోతుంది’ అన్న రెండు మాటల మధ్య గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది. పలకలు, త్రాసు, ఓపిక ఉంటే చాలు, అమలాపురంలోని ఏ కళాశాల రసాయన శాస్త్ర విభాగమైనా చేయగల పని ఇది. సర్వీసింగ్ సెంటర్ల మురుగునీరు ఏ డ్రెయినులో పడి ఏ పాయలో కలుస్తోందన్న లెక్కను మాత్రం పురపాలక సంఘం, పంచాయతీలు తీయాలి. అది తేలేదాకా కాలవను కాపాడామని సెంటరుకు వెళ్ళినవాళ్ళు కూడా నిజంగా కాపాడారో లేదో చెప్పలేం.